సస్పెన్స్ ఖాతా

బొమ్మనహళ్ళిలో బేకరీ పైన రెండో అంతస్తు.
మెట్లెక్కుతుంటే బన్నుల వాసన,
తలుపు తీస్తే ఏసీ వాసన.
ఆ మధ్యలో ఎక్కడో
పద్దెనిమిది వేలు ఇరవై ఏడు వేలయ్యాయి.

చేరిన రోజు బాగా గుర్తు.
కౌంటర్లో అమ్మాయిది ముళబాగిలు, పేరు భార్గవి.
నా ఆధార్ కార్డు చూసి
"సుంకులమ్మా? ఆలూరు పక్కనా మీది?" అంటూ
కన్నడంలోంచి తెలుగులోకి దిగింది.
"అంతా కలిపి పద్దెనిమిదక్కా,
మూడు నెలల్లో అకౌంట్స్ చేతికొస్తాయి."
అంతా కలిపి.
ఆ రెండు మాటలూ కమ్మల్లా చెవులకు పెట్టుకొని
ఆరు వేలు కట్టి కిందికి దిగాను.

మూడో వారం కాగితం వచ్చింది.
పరీక్షకి రెండువేల ఐదొందలు.
కిట్టుకి వెయ్యిన్నీ ఎనిమిదొందలు,
కిట్టంటే ఒక పెన్నూ, వాళ్ళ పేరు అచ్చేసిన సంచీ.
ప్రాసెసింగ్ ఏడొందల యాభై.
వీటన్నిటి నెత్తిన పద్దెనిమిది శాతం.
వెరసి ఇరవై ఏడు వేల నూట తొంభై తొమ్మిది.
ఆ చివరి తొంభై తొమ్మిది చూసి నవ్వొచ్చింది,
చెప్పుల షాపు గుర్తొచ్చి.

నేను గార్మెంట్స్‌లో చెకర్ని.
అంగుళానికి పన్నెండు కుట్లుండాలి.
పదకొండుంటే చొక్కా వెనక్కి.
తొమ్మిదేళ్ళుగా ఈ కళ్ళకి అదే పని.
అందుకే దొరికింది, మొదటి రసీదులో
పద్దెనిమిది వేల పక్కన
చీమ తలకాయంత చుక్క గుర్తు.
దాని వెంట పోతే కాగితం అడుగున, మడత లోపల
నలకలంత అక్షరాలు: షరతులు వర్తిస్తాయి.
చుక్కలు చూపించడమంటే ఏందో అనుకున్నా.
ఇదన్నమాట.

భార్గవిని అడిగాను.
ఎంతో చెప్పిన రోజు తెలుగు,
ఎందుకో చెప్పాల్సిన రోజు ఇంగ్లీషు.
"నాన్ రీఫండబుల్ మేడమ్, పాలసీ మేడమ్."
మూడు వారాల్లో అక్కని మేడమ్‌ని చేశారు,
దానికి మాత్రం ఫీజు వేయలేదు.

గాజు గదిలో డైరెక్టరు చరణ్‌రాజ్ నా పేరు చదివి
"పేరులోనే సుంకం ఉంది కదమ్మా" అన్నాడు.
"మా ఊళ్ళో ఆ తల్లి సుంకం ఎంతో ముందే తెలుసు సార్.
ఒక కోడి, ఒక టెంకాయ.
కోశాక ఈకలకి వేరే అడగదు."

ఆయన నవ్వలేదు. క్యాలిక్యులేటర్ నావైపు తిప్పాడు.
"బాకీ ఇరవై ఒకటి చిల్లర. పోనీ, పంతొమ్మిది కట్టేయండి."
నేను కదల్లేదు.
"సరే, పదిహేడున్నర."
తోపుడు బండి మీద టమోటాలమ్మేవాడయినా
తక్కెడ బయట పెడతాడు.

"బేరం వద్దు సార్, వోచర్ ఇవ్వండి" అన్నాను.
ఆ మాట నాకు నేర్పింది ఆయన క్లాసే.
రెండో పాఠం: కాగితం లేని ఖర్చు ఖర్చు కాదు.
ఆ పాఠం చెప్పిన మునెప్ప సార్
గాజు అవతల నిలబడి
ఏమీ రాయని బోర్డుని తుడుస్తున్నాడు.
తనకీ రెండు నెలల జీతం రావాలని
తర్వాత మెట్ల మీద చెప్పాడు,
బన్ను సగం విరిచి నా చేతిలో పెడుతూ.

మిగిలిన పన్నెండు వేలూ కట్టాను, రెండు దఫాలుగా.
సీలు పడేదాకా బల్ల దగ్గర్నుంచి జరగలేదు.
చుక్క ఉందేమోనని
రసీదుని ట్యూబులైటుకి పట్టి చూశాను.
భార్గవి తలెత్తకుండా,
తెలుగులో, చాలా చిన్నగా
"నన్నట్లే చెప్పమన్నారక్కా" అంది.

సర్టిఫికెట్ ఆపారు.
నన్ను ఆపలేదు. ముందు బెంచీలో నేనే.
"బ్యాలెన్స్?" అంటారు లోపలికొస్తుంటే.
"వోచర్?" అంటాను.
మా నమస్కారాలు ఇవి.

నిన్నటి పాఠం:
ఎందుకో తెలియని మొత్తం, ఎవరిదో తేలని మొత్తం
దేనికింద రాయాలి?
దానికీ ఒక ఖాతా ఉందట, సస్పెన్స్ ఖాతా.
తేలేదాకా అక్కడే పడుంటుంది.
ఏడాది చివర్లో మాత్రం
ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

అభ్యాసానికిచ్చిన ఉత్తుత్తి కంపెనీలో
తేదీ వేసి, వాళ్ళ సంస్థ పేరే టైపు చేసి
తొమ్మిది వేల నూట తొంభై తొమ్మిది కొట్టాను.
కింద బేకరీలో ఏదో ట్రే బయటికి లాగిన చప్పుడు.
మునెప్ప సార్ నా వెనక ఆగి, కళ్ళజోడు సర్దుకొని
"ఎంట్రీ కరెక్టే" అన్నాడు.